కూలింగ్ టవర్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు: థర్మల్ ప్లాంట్లో కొత్తగా చేరినవాళ్లకీ, గేటు బయట ఉన్నవాళ్లకీ

థర్మల్ ప్లాంట్లో బాయిలర్‌కి ఉన్నంత మర్యాద కూలింగ్ టవర్‌కి ఉండదు. టర్బైన్‌లో చిన్న శబ్దం తేడా వస్తే పదిమంది పరిగెత్తుతారు. టవర్‌లో రెండు ఫ్యాన్లు వారం రోజులుగా ఆగిపోయి ఉన్నా రిజిస్టర్లో ఒక లైను పడుతుంది, అంతే. ఆపరేషన్‌లోనూ, తర్వాత ఎఫిషియెన్సీ విభాగంలోనూ పనిచేసిన కాలంలో కొత్త ఇంజనీర్లు, కాంట్రాక్టు మేస్త్రీలు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగినవి ఇక్కడ రాస్తున్నాను.

నడుం సన్నగా ఉండే ఆ పెద్ద టవర్లలోంచి వచ్చేది పొగేనా?

కాదు, నీటి ఆవిరి. బొగ్గు పొగ వచ్చేది పక్కనే సన్నగా, పొడుగ్గా ఉండే చిమ్నీలోంచి. 2024 ఆగస్టు 5న పాల్వంచలో పాత కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్) కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేలుడు పదార్థాలు పెట్టి కూల్చినప్పుడు మా బంధువులే ఫోన్ చేసి "పొగగొట్టాలు పడగొట్టేశారట కదా" అన్నారు. వివరించబోయి మానేశాను.

ఆ తెల్లటి మబ్బు చలికాలం పొద్దున్న దట్టంగా కనిపిస్తుంది, మే నెల మధ్యాహ్నం దాదాపు కనపడదు. కనపడనంత మాత్రాన టవర్ ఆగిపోయినట్టు కాదు. ఎండిన గాలి ఆవిరిని అక్కడికక్కడే కలిపేసుకుంటుంది.

అసలు ఇంత నీటిని చల్లార్చడం ఎందుకు?

టర్బైన్ తిప్పి బయటికొచ్చిన ఆవిరిని మళ్లీ నీళ్లుగా మార్చి బాయిలర్‌కి పంపాలి. ఆ పని కండెన్సర్‌లో జరుగుతుంది. 500 మెగావాట్ల యూనిట్ కరెంటుగా ఇచ్చేదానికంటే కండెన్సర్‌లో వదిలేసే వేడే ఎక్కువ, 600 మెగావాట్లు దాటుతుంది. దాన్ని మోసుకుపోవడానికి గంటకు సుమారు 60,000 ఘనపు మీటర్ల నీళ్లు తిరుగుతుంటాయి. అంటే సెకనుకు 16 టన్నుల పైమాట. కండెన్సర్‌లో దాదాపు 10 డిగ్రీలు వేడెక్కి వస్తాయి, టవర్‌లో ఆ 10 డిగ్రీలు వదిలేసి మళ్లీ వెళ్తాయి.

చల్లబడే పద్ధతి మట్టికుండలో జరిగేదే. కొంచెం నీరు ఆవిరైపోతూ మిగతా నీటి వేడిని తీసుకుపోతుంది. కుండకి చెమట పట్టాలి, గాలి తగలాలి. టవర్ లోపల ఉన్న ఫిల్ (నీటిని పలచగా పరిచే పట్టీలు, రేకులు), నీటిని చిమ్మే నాజిళ్లు, ఫ్యాన్లు అన్నీ ఆ రెండు పనుల కోసమే.

టవర్ బాగా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? చల్లనీళ్ల ఉష్ణోగ్రత చూస్తే సరిపోదా?

సరిపోదు. మన షిఫ్టుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. టవర్‌లోకి వచ్చే వేడినీటికీ, బయటికెళ్లే చల్లనీటికీ తేడా రేంజ్. చల్లనీటికీ, గాలి వెట్ బల్బ్ ఉష్ణోగ్రతకీ తేడా అప్రోచ్. తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపించేదే వెట్ బల్బ్. ఎంత గొప్ప టవరైనా నీటిని అంతకంటే కిందికి చల్లబరచలేదు.

"సార్, మన రేంజ్ 10 ఉంది, టవర్ బ్రహ్మాండంగా ఉంది" అని చాలామంది చెప్తారు. రేంజ్ టవర్ గొప్పతనం చెప్పదు. కండెన్సర్ ఎంత వేడి ఇచ్చిందో, పంపు ఎన్ని నీళ్లు తోలిందో చెబుతుంది. టవర్ సగం పాడైనా యూనిట్ ఫుల్ లోడ్‌లో ఉన్నంతకాలం రేంజ్ 10 దగ్గరే నిలబడుతుంది. వేడినీరు, చల్లనీరు రెండూ కలిసి పైకి జరుగుతాయి, అంతే.

చూడాల్సింది అప్రోచ్. ఉదాహరణకి డిజైన్‌లో వెట్ బల్బ్ 27, చల్లనీరు 32 అనుకుందాం. అప్రోచ్ 5. జనవరిలో వెట్ బల్బ్ 18కి పడిపోయి చల్లనీరు 28 వస్తే కంట్రోల్ రూమ్‌లో అందరూ సంతోషంగానే ఉంటారు, డిజైన్ కంటే 4 డిగ్రీలు తక్కువ కదా అని. కానీ అప్రోచ్ 10కి పెరిగింది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. వెట్ బల్బ్ తగ్గేకొద్దీ ఆరోగ్యంగా ఉన్న టవర్‌లో కూడా అప్రోచ్ కొంత పెరుగుతుంది, ఎందుకంటే చల్లగాలి ఆవిరిని తక్కువగా మోస్తుంది. కాబట్టి 10ని పక్కన 5 పెట్టి పోల్చకూడదు. టవర్ కట్టినవాళ్లు ఇచ్చిన పెర్ఫార్మెన్స్ కర్వ్ తీసి, ఆ రోజు వెట్ బల్బ్‌కి, ఆ రోజు నీటి ప్రవాహానికి ఎంత రావాలో చూడాలి. 26 దగ్గర రావాల్సింది 28 వస్తే మీ టవర్ 2 డిగ్రీలు వెనకబడినట్టు. ఎండాకాలం బయటపడే జబ్బు చలికాలంలోనే తెలిసిపోతుంది.

ఆ కర్వ్ ఎక్కడుందో మీ ప్లాంటులో అడగండి. చాలాచోట్ల కమిషనింగ్ ఫైళ్లలో, బీరువా అడుగున, చెదలు తినకపోతే దొరుకుతుంది.

రామగుండంలో 45 డిగ్రీల ఎండ, విశాఖలో 34. టవర్‌కి ఎక్కడ ఎక్కువ కష్టం?

విశాఖలో. 45 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే వెట్ బల్బ్ 26 దగ్గరే ఉంటుంది. 34 డిగ్రీలు, తేమ 75 శాతం అయితే అది 30కి చేరుతుంది. ఒళ్లంతా జిడ్డుగా చెమట పట్టి ఆరని రోజు మనకెంత ఇబ్బందో టవర్‌కీ అంతే ఇబ్బంది.

అయితే నేచురల్ డ్రాఫ్ట్ టవర్, అంటే ఫ్యాన్లు లేకుండా ఎత్తు వల్లే గాలి లాక్కునేది, దాని లెక్క కొంచెం వేరు. లోపలి గాలి బయటి గాలికంటే తేలికగా ఉంటేనే అది పైకి లేస్తుంది. బయట ఎండిన వేడిగాలి ఉంటే ఆ తేడా తగ్గి డ్రాఫ్ట్ నీరసిస్తుంది. తేమ ఎక్కువుండే తీరానికి ఈ టవర్లు బాగా నప్పుతాయనడానికి అదొక కారణం.

ఒక్క డిగ్రీ ఎక్కువైతే నిజంగా అంత నష్టమా?

లెక్క వేద్దాం. చల్లనీరు 33, కండెన్సర్‌లో 10 పెరిగి 43, పైన 3 డిగ్రీల తేడాతో ఆవిరి 46 దగ్గర నీరవుతోంది. 46 డిగ్రీల దగ్గర కండెన్సర్‌లో పీడనం సుమారు 76 మిల్లీమీటర్ల పాదరసం. 47 అయితే దాదాపు 80. ఈ 4 మిల్లీమీటర్ల వల్ల హీట్ రేట్, అంటే ఒక యూనిట్ కరెంటుకి పట్టే వేడి, సుమారు 0.3 శాతం చెడుతుందని మేం వాడే మోటు లెక్క. టర్బైన్‌ని బట్టి కొంచెం అటూఇటూ అవుతుంది.

హీట్ రేట్ 2,400 కిలో కేలరీలైతే యూనిట్ కరెంటుకు 7 కిలో కేలరీలు. 500 మెగావాట్ల యూనిట్ 85 శాతం పీఎల్ఎఫ్‌తో (పూర్తి సామర్థ్యంలో 85 శాతం నడిస్తే) ఏడాదికి 372 కోట్ల యూనిట్లు తయారుచేస్తుంది. 3,500 కేలరీల బొగ్గైతే ఏటా 7,400 టన్నులు అదనంగా కాలుతుంది. దాదాపు రెండు గూడ్సు రైళ్ల బొగ్గు. ఏడాదంతా ఒకే ఒక్క డిగ్రీకి! ఫ్యాన్ గేర్‌బాక్స్ కొనడానికి ఆరు నెలలు ఫైలు తిప్పే ఆఫీసుల్లో ఈ లెక్క గోడకి అంటించి పెట్టాలి.

కండెన్సర్‌లో వాక్యూమ్ పడిపోయింది (పీడనం పెరిగింది). తప్పు టవర్‌దా, కండెన్సర్‌దా?

టవర్‌వాళ్లు కండెన్సర్‌ని, కండెన్సర్‌వాళ్లు టవర్‌ని చూపిస్తారు. మూడు అంకెలు చూస్తే తగువు తీరిపోతుంది.

కండెన్సర్‌లోకి వెళ్లే నీరే ఉండాల్సినదానికంటే వేడిగా ఉంటే టవర్ చూడండి. వెళ్లే నీరు బాగానే ఉండి, వచ్చే నీరు 10 బదులు 12, 13 డిగ్రీలు పెరిగి వస్తుంటే నీళ్లు సరిపోవడం లేదు. పంపు అరిగిందో, ట్యూబుల మూతుల దగ్గర చెత్త అడ్డుపడిందో. ఈ రెండూ బాగుండి, వచ్చే నీటికీ ఆవిరి ఉష్ణోగ్రతకీ తేడా 3 నుంచి 7, 8కి పెరిగితే ట్యూబుల లోపల పొర కట్టింది, లేదా ఎక్కడో గాలి లీకవుతోంది.

చాలాసార్లు మూడింట్లోనూ తలా కాస్త ఉంటుంది. అప్పుడు అందరూ కలిసి వర్షాన్ని తిడతారు.

పాత టవర్‌ని బాగుచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? కొత్త ఫ్యాన్లా, కొత్త ఫిల్లా?

రెండూ కాదు. ముందు నీళ్లు ఎలా పడుతున్నాయో చూడండి. నా అనుభవంలో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చేది నీటి పంపకమే.

నీరు పల్లమెరుగు అంటారు. గాలి ఖాళీ ఎరుగుతుంది. ఫిల్ మీద ఒకచోట నీళ్లు పడకపోతే అక్కడ అడ్డేమీ ఉండదు కనుక గాలి పరిగెత్తుకుంటూ అటే పోతుంది. ఫ్యాన్ కరెంటు తింటుంది, గాలి పైకి పోతుంది, ఒక్క చుక్క నీరు చల్లబడదు. నీళ్లు ఎక్కువ పడ్డచోట గాలి చాలదు. పదో వంతు నాజిళ్లు మూసుకుపోతే నష్టం పదో వంతుతో ఆగదు.

దీన్ని కనిపెట్టడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. తెల్లవారుజామున, చుట్టూ హోరు లేని టైములో, పర్మిట్ తీసుకుని బేసిన్ (టవర్ కింద నీళ్లు చేరే తొట్టి) అంచున నిలబడి లోపలికి చూడండి. వాన కురుస్తున్నట్టు ఒకటే చప్పుడు ఉండాలి. ఎక్కడో దబదబమని లావు ధార పడుతోందంటే నాజిల్ ఊడిపోయి గొట్టంలోంచి నేరుగా దూకుతోంది. టార్చి వేస్తే వానలో నల్లటి సందులు కనిపిస్తాయి. అక్కడ చుక్క లేదు. ఒకసారి ఒక సెల్‌లో (ఫ్యాన్ టవర్‌ని విడగొట్టిన గదుల్లో ఒకటి) అలాంటి సందు కింద నిలబడి చూశాను. చుట్టూ కుండపోత, నా హెల్మెట్ మీద మాత్రం పొడి. పైకెక్కి గొట్టం విప్పితే లోపల సిమెంటు సంచి ముక్క, ఒక రబ్బరు చెప్పు, నాచు కలిసి బిరడాలా బిగుసుకున్నాయి. ఆ చెప్పు జోడు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

అనుమానం ఇంకా ఉంటే బకెట్లు పెట్టండి. ఫిల్ కింద వరుసగా ఒకే సైజు బకెట్లు పెట్టి, ఒకే టైము పట్టి, ఎన్ని నీళ్లు పడ్డాయో కొలవండి. దాంతోపాటు సెల్‌కి సెల్‌కి మధ్య కూడా చూడాలి. నీటిని సెల్ పైకి పంపే గొట్టాల మీది రైజర్ వాల్వులు ఎవరో ఎప్పుడో తిప్పి వదిలేసి ఉంటారు. పంపుకి దగ్గరున్న సెల్‌లో నీళ్లు పొర్లిపోతుంటాయి, చివరి సెల్‌లో చినుకులు పడుతుంటాయి. ఒక పూట కూర్చుని ఆ వాల్వులు సరిచేస్తే వచ్చే లాభం కొన్నిసార్లు కొత్త ఫిల్‌తో కూడా రాదు.

ఫిల్ ఎప్పుడు మార్చాలి? ఏ రకం మంచిది?

ఫిల్ రెండు జాతులు. స్ప్లాష్ ఫిల్‌లో నీటి చుక్క పట్టీల మీద పడి చిట్లుతూ దిగుతుంది. ఫిల్మ్ ఫిల్‌లో తేనెపట్టులాంటి పలచటి పీవీసీ రేకుల మీద నీరు పొరలా జారుతుంది. ఫిల్మ్ ఫిల్ తక్కువ చోటులో ఎక్కువ చల్లబరుస్తుంది, అందుకే అమ్మేవాళ్లు దాన్నే చూపిస్తారు. కానీ దాని సందులు సన్నం. ఒండ్రు నీళ్లు, పాచి, నూనె జిడ్డు ఉన్నచోట రెండేళ్లు తిరక్కుండానే మట్టి ఇటుకలా తయారవుతుంది. వానాకాలంలో ఎర్రనీళ్లు తాగే ప్లాంటుకి స్ప్లాష్ ఫిల్లో, వెడల్పు సందుల ఫిల్లో మేలని నా అభిప్రాయం. కాగితం మీద ఒక డిగ్రీ తక్కువైనా పదేళ్లు నిలబడుతుంది.

మార్చాలా వద్దా అంటే తూకం వేయండి. ప్రతి ఓవర్‌హాల్‌లోనూ ఒక బ్లాకు బయటికి తీసి, నీరు కారిపోయాక తూచి, కొత్తదాని బరువు పక్కన రాయండి. బరువు పెరుగుతూ పోతుంటే గాలి దారి మూసుకుంటోందని అర్థం. అంతకంటే ముందు ప్రమాదం ఇంకోటి ఉంది. ఆ బరువుకి కింది ఆధారాలు వంగి ఫిల్ మొత్తం బేసిన్‌లోకి కూలిపోతుంది. ఆ ముక్కలు పంపు జల్లెడలకి, అక్కణ్నుంచి కండెన్సర్ ట్యూబులకి చేరతాయి.

హై ప్రెషర్ జెట్‌తో కడిగిద్దామని ఎవరైనా అంటే ముందు ఒక్క బ్లాకు మీద చూడండి. పాతబడిన పీవీసీ అప్పడంలా విరుగుతుంది.

ఫ్యాన్ బ్లేడ్ల కోణం పెంచితే గాలి పెరుగుతుందిగా?

కొంతవరకు. కోణం పెంచితే గాలి పెరుగుతుంది, మోటారు కరెంటూ పెరుగుతుంది. ఒక హద్దు దాటాక బ్లేడు గాలిని తోయడం మాని ఊరికే చిలుకుతుంది. కరెంటు పెరుగుతుంది, గాలి తగ్గుతుంది. మోటారు రేటింగ్‌కి కొంచెం కింద ఆగడం మంచిది. ఇది కూడా డిసెంబర్‌లో సెట్ చేయకండి. చల్లగాలి బరువు ఎక్కువ కాబట్టి కరెంటు లెక్క మారుతుంది.

అన్ని బ్లేడ్లకీ ఒకే కోణం ఉండటం అంతకంటే ముఖ్యం. ప్రతి బ్లేడుకీ ఒకే గుర్తు దగ్గర ప్రొట్రాక్టర్ పెట్టి చూడండి. అర డిగ్రీకి మించి తేడా ఉంటే వైబ్రేషన్ మొదలవుతుంది. బ్లేడు కొసకీ చుట్టూ ఉన్న సిలిండర్‌కీ మధ్య సందు కూడా కొలవండి. అక్కడ బెత్తెడు ఖాళీ ఉంటే పైకెళ్లిన వేడిగాలి ఆ సందులోంచే కిందికి దిగుతుంది.

వేగం తగ్గించే డ్రైవ్‌ల గురించీ అడుగుతుంటారు. ఫ్యాన్ వేగం 80 శాతానికి తగ్గిస్తే కరెంటు దాదాపు సగమవుతుంది, నిజమే. కానీ ఎండాకాలం ఆ ఆదా జోలికి పోవద్దు. ఫ్యాన్‌లో మిగిలేదానికంటే బొగ్గులో పోయేది ఎక్కువ. చలికాలం రాత్రుళ్లు వాక్యూమ్ ఒక స్థాయి దాటాక టర్బైన్ చివరి బ్లేడ్లు ఇంక లాభం తీసుకోలేవు. అప్పుడు మాత్రం ఒకటో రెండో ఫ్యాన్లు ఆపేయొచ్చు.

గేర్‌బాక్సులు ఎందుకు అన్నిసార్లు పోతాయి?

అది కూర్చున్న చోటు అలాంటిది. వేడి తేమగాలి నడుమ, చేతికి అందని చోట, ఎవరూ చూడని యంత్రం. శ్వాస గొట్టంలోంచి తేమ లోపలికి పోయి నూనె పాలలా తెల్లబడుతుంది. నూనె మట్టం బయటినుంచి చూసే గాజు గొట్టం మురికిపట్టి ఎప్పుడూ నిండుగా ఉన్నట్టే కనిపిస్తుంది. అది తుడిచి చూడటమే సగం మెయింటెనెన్స్.

నేను పనిచేసిన ఒక ప్లాంటులో, పేరు అనవసరం, వైబ్రేషన్ స్విచ్ ఊరికే ట్రిప్ అవుతోందని ఎవరో వైరు కలిపేసి బైపాస్ చేశారు. రాత్రి షిఫ్టులో ఒక బ్లేడు మొదట్లో చీలింది. స్విచ్ ఉంటే ఆగిపోయేది. ఆగలేదు. బ్లేడు విరిగి, మిగతావాటిని కొట్టి, డ్రైవ్ షాఫ్ట్ వంగి, గేర్‌బాక్స్ పునాది బోల్టులతో సహా లేచింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదృష్టం. స్విచ్ ఎందుకు ట్రిప్ అవుతోందో మొదటి రోజే చూసుంటే ఒక బ్లేడుతో పోయేది.

సీఓసీ (సైకిల్స్ ఆఫ్ కాన్సంట్రేషన్) ఎంత ఉంచాలి? పెంచితే నీళ్లు మిగులుతాయి కదా?

నీరు ఆవిరైపోతే లవణాలు వెనకే ఉండిపోతాయి. కొత్తగా కలిపే మేకప్ నీటికంటే తిరిగే నీటిలో లవణం ఎన్ని రెట్లు చేరిందో అదే సీఓసీ. అది హద్దు దాటకుండా కొంత నీటిని బ్లోడౌన్‌గా వదిలేయాలి.

మన 60,000 ఘనపు మీటర్ల లెక్కలో గంటకు దాదాపు 920 ఘనపు మీటర్లు ఆవిరైపోతాయి. సీఓసీ 3 అయితే బ్లోడౌన్ 460. 5 అయితే 230. అంటే 3 నుంచి 5కి వెళ్తే రోజుకి 55 లక్షల లీటర్లు మిగులుతాయి. 5 నుంచి 8కి వెళ్తే అందులో సగం కూడా రాదు, గంటకు వంద ఘనపు మీటర్లే. కానీ స్కేలు (లవణాల పొర) భయం, కెమికల్ ఖర్చు మాత్రం ఎక్కడికో పోతాయి. అందుకే మామూలు మంచినీటితో 5 దగ్గర స్థిరంగా నడపడం, 7 అని కాగితం మీద రాసుకుని నెలకోసారి బేసిన్ పొర్లించడం కంటే నయం.

కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబర్‌లో పెట్టిన నిబంధన ప్రకారం కూలింగ్ టవర్లున్న పాత ప్లాంట్లు మెగావాట్ అవర్‌కి 3.5 ఘనపు మీటర్ల నీటికి మించి వాడకూడదు. పైన వేసిన లెక్కలో, సీఓసీ 5తో, టవర్‌కే 2.3 పోతోంది. మిగతా ప్లాంటంతా ఆ 1.2లో సర్దుకోవాలి. బ్లోడౌన్ నీటిని బూడిద తడపడానికీ, పొగలోంచి గంధకం తీసే ఎఫ్‌జీడీకీ వాడుకోవడం ఇక్కడే పనికొస్తుంది.

క్లోరిన్ వేస్తూనే ఉన్నాం. పాచి ఎందుకు పోవడం లేదు?

మొదట పీహెచ్ చూడండి. 7.5 దగ్గర వేసిన క్లోరిన్‌లో దాదాపు సగం చురుకైన రూపంలో ఉంటుంది. 8.5 దగ్గర పదో వంతే. ఆసిడ్ డోసింగ్ ఆపేసి క్లోరిన్ సిలిండర్లు రెట్టింపు చేసిన ప్లాంట్లున్నాయి.

రెండోది, పాచి ఒక్క నీటిలోనే ఉండదు. బేసిన్ అడుగున మోకాల్లోతు బురద ఉంటే ఆ బురదలో దాక్కున్నదానికి క్లోరిన్ చేరదు. తిరిగే నీటిలో కొద్ది భాగాన్ని ఎప్పుడూ వడపోసే సైడ్ స్ట్రీమ్ ఫిల్టర్ నడుస్తోందో లేదో చూడండి. ఉంటుంది. నడవదు.

మూడోది, ఎండ. టవర్ పైన వేడినీరు చేరే హాట్ వాటర్ డెక్ తెరిచి ఉంటే వెలుతురులో నాచు పెరుగుతుంది, క్లోరిన్ కూడా ఎండకి విరిగిపోతుంది. మూతలు వేయండి, షాక్ డోస్ (ఒకేసారి ఎక్కువగా వేసే మోతాదు) సాయంత్రం తర్వాత ఇవ్వండి.

శుద్ధి చేసిన మురుగునీటితో టవర్ నడపొచ్చా?

నడుపుతున్నారు. నాగ్‌పూర్ నగరపు మురుగునీరు శుద్ధయి మహారాష్ట్ర ప్రభుత్వ కొరాడి ప్లాంటుకి వెళ్తోంది. 2016 టారిఫ్ పాలసీ ప్రకారం మురుగునీటి శుద్ధి కేంద్రానికి 50 కిలోమీటర్లలోపు ఉన్న థర్మల్ ప్లాంట్లు ఆ నీటినే వాడాలి.

చిక్కులు మాత్రం ఉన్నాయి. అమ్మోనియా మిగిలి ఉంటే క్లోరిన్‌ని తినేస్తుంది, ఇత్తడి ట్యూబులని కొరుకుతుంది. ఫాస్ఫేట్ కాల్షియంతో కలిసి గట్టి పొర కడుతుంది. సన్న సందుల ఫిల్ ఈ నీటికి అసలు పనికిరాదు.

సింహాద్రిలో సముద్రపు నీటితోనే టవర్లు నడుపుతున్నారట. తుప్పు పట్టదా?

నిజమే, ఎన్టీపీసీ సింహాద్రి టవర్లు బంగాళాఖాతం నీటితో నడుస్తాయి. 165 మీటర్ల ఎత్తు నేచురల్ డ్రాఫ్ట్ టవర్లు అవి. ఉప్పునీరు మంచినీటికంటే కొంచెం బద్ధకంగా ఆవిరవుతుంది కాబట్టి టవర్‌ని ఆ మేరకు పెద్దగా కట్టుకోవాలి. ముందే ఉప్పు నిండుగా ఉన్న నీరు గనక సీఓసీ 1.5 దాటించరు. సముద్రం పక్కనే ఉంది, నీటికి కరువు లేదు, ఎక్కువ బ్లోడౌన్ వదిలినా బాధ లేదు.

భయమంతా క్లోరైడ్‌తో. కాంక్రీటులో సన్న పగులు దొరికితే చాలు, లోపలి ఇనుప చువ్వని చేరుతుంది. తుప్పుపట్టిన చువ్వ ఉబ్బుతుంది, కాంక్రీటు పెచ్చులూడుతుంది. అందుకే ఇలాంటిచోట దట్టమైన కాంక్రీటు, చువ్వల మీద మందమైన కవరు, పైన పూత తప్పనిసరి.

ఫ్యాన్లే లేని నేచురల్ డ్రాఫ్ట్ టవర్‌కి మెయింటెనెన్స్ ఏముంటుంది?

నాజిళ్లు, ఫిల్, బేసిన్ సంగతి అదే. పైన డొల్ల, అంటే నడుం సన్నగా ఉండే ఆ కాంక్రీటు గోడ ఉంది. ఈ డొల్ల ఆకారాన్ని 1918లో నెదర్లాండ్స్‌లోని హేర్లెన్ దగ్గర మొదటిసారి కట్టారు. ఇప్పుడు రాజస్థాన్‌లోని కాలిసింధ్‌లో 202 మీటర్ల దాకా వెళ్లాం. ఎత్తుతో పోలిస్తే దాని గోడ గుడ్డు పెంకు కంటే పలచన.

1965 నవంబర్ 1న ఇంగ్లండ్‌లోని ఫెర్రీబ్రిడ్జ్‌లో ఎనిమిది టవర్లలో మూడు ఈదురుగాలికి గంట వ్యవధిలోనే కూలాయి. ఒంటరి టవర్‌కి వేసిన గాలి లెక్క గుంపుకి సరిపోలేదు. ముందు వరుస టవర్ల మధ్యనుంచి దూసుకొచ్చిన గాలి వెనక వరుసని కొట్టింది. ప్రపంచమంతా డిజైన్ నియమాలు ఆ తర్వాత మారాయి. కట్టేటప్పుడు తొందరపడితే ఏమవుతుందో 1978లో అమెరికాలోని విల్లో ఐలాండ్ చూపించింది. ముందు రోజు పోసిన కాంక్రీటు గట్టిపడకముందే దానికి పరంజా తగిలించారు. 51 మంది చనిపోయారు.

మనకి తుపాను తీరం ఉంది. ప్రతి తుపాను తర్వాత బైనాక్యులర్‌తోనో డ్రోన్‌తోనో డొల్ల చుట్టూ చూసి, పగుళ్ల ఫొటోలు పాతవాటి పక్కన పెట్టండి. కింద ఏటవాలు స్తంభాల దగ్గర పెచ్చులు ఊడాయేమో చేత్తో తట్టి చూడండి. డొల్ల మోత వస్తే లోపల చువ్వ ఉబ్బుతోంది.

సెల్ ఆపి రిపేర్ చేయడానికి మంచి కాలం ఏది? జాగ్రత్తలేంటి?

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి. అప్పుడు పదింట్లో ఒక సెల్ ఆపినా లోడ్ తగ్గదు. ఏప్రిల్‌లో గుర్తొచ్చినవాళ్లు జూలై దాకా ఆగాల్సిందే.

మోటారు స్విచ్ తీసేసినా ఫ్యాన్ ఆగిందనుకోవద్దు. పక్క సెల్ గాలికి అది మెల్లగా వెనక్కి తిరుగుతూనే ఉంటుంది. బ్లేడుని తాడుతో కట్టేయాలి. ఇంకో సంగతి చాలామందికి తట్టదు, నిప్పు. నీళ్లు పారేటప్పుడు టవర్ కాలదు. షట్‌డౌన్‌లో వారం ఎండిన పీవీసీ, ఎఫ్ఆర్‌పీ (ఫైబర్ కలిపిన ప్లాస్టిక్), పాత చెక్క మీద ఒక వెల్డింగ్ రవ్వ పడితే ఆర్పడానికి టైముండదు. లోపల కటింగ్, వెల్డింగ్ ఉంటే కింద తడి గోనెసంచులు పరిచి, నీటి గొట్టం పట్టుకుని ఒక మనిషిని నిలబెట్టండి.

మా ఇళ్ల మీద సన్నటి తుంపర పడుతోంది. అది ప్రమాదమా?

తెల్లగా లేచి మాయమయ్యేది శుద్ధమైన ఆవిరి. చుక్కలుగా పడి, ఆరాక బైకు మీద తెల్ల మచ్చలు మిగిల్చేది మాత్రం తిరిగే నీరే. దాన్ని డ్రిఫ్ట్ అంటారు. అందులో లవణాలు, కెమికల్స్ ఉంటాయి. ఆ చుక్కల్ని టవర్‌లోనే ఆపే డ్రిఫ్ట్ ఎలిమినేటర్ పలకలు విరిగితే, ఊడితే ఇది పెరుగుతుంది. సరిగా చూసుకోని టవర్ నీటిలో లెజియొనెల్లా అనే బాక్టీరియా పెరిగి తుంపరతో ఊపిరితిత్తుల్లోకి పోగలదు. స్పెయిన్‌లోని ముర్సియాలో 2001లో 449 మందికి ఈ జబ్బు నిర్ధారణైంది. అది థర్మల్ ప్లాంటు కాదు, కానీ పద్ధతి ఒకటే. మచ్చలు పడుతుంటే ఏ వైపు గాలి ఉన్నప్పుడు, ఏ రోజుల్లో పడుతున్నాయో రాసుకుని ప్లాంటుకి ఫిర్యాదు ఇవ్వండి. ఏ సెల్ పలకలు పోయాయో వాళ్లు వెతుక్కోవడానికి అదే పనికొస్తుంది.

నీళ్లే లేకుండా గాలితోనే చల్లార్చే పద్ధతి ఉందట?

ఉంది. జార్ఖండ్‌లోని ఉత్తర కరణ్‌పురాలో ఎన్టీపీసీ పెట్టింది. నీళ్లు బాగా మిగులుతాయి. కానీ అది వెట్ బల్బ్ దాకా దిగలేదు, మే నెల ఎండ ఎంతుంటే దానికి అంతే గతి. బొగ్గు ఎక్కువ పడుతుంది. నీళ్లు దొరకనిచోటే దాని అవసరం.

షిఫ్టులో రోజూ ఏం రాసుకుంటే చాలు?

వేడినీరు, చల్లనీరు, వెట్ బల్బ్, నడుస్తున్న ఫ్యాన్లు, లోడ్. రోజూ ఒకే టైముకి. వెట్ బల్బ్ వాతావరణ శాఖ దగ్గర తీసుకోవద్దు, టవర్ గాలి పీల్చే వైపు నిలబడి మీరే కొలవండి. గాలి తిరిగినప్పుడు టవర్ వదిలిన తడిగాలినే టవర్ మళ్లీ పీలుస్తుంది. ఊళ్లో వెట్ బల్బ్ 26 ఉన్న రోజు గాలి లోపలికెళ్లే లూవర్ల దగ్గర 28 చూశాను.

ఆ థర్మామీటర్‌కి చుట్టిన గుడ్డ కూడా ఒకసారి చూడండి. మా దగ్గర ఒక నెలంతా అప్రోచ్ ఉన్నట్టుండి అద్భుతంగా, 2 డిగ్రీలకి పడిపోయింది. మెచ్చుకుంటూ మీటింగు కూడా పెట్టారు. చివరికి ఒక ట్రైనీ అమ్మాయి వెళ్లి చూస్తే గుడ్డ ఎండి అట్ట కట్టింది. అది చూపిస్తున్నది మామూలు గాలి ఉష్ణోగ్రత. కొత్త గుడ్డ కట్టి, డిస్టిల్డ్ వాటర్ పోశాక అప్రోచ్ 8 అయింది.